సరోజ అడిగిన కాగితం

చిలకలపూడి, మచిలీపట్నం
శుక్రవారం

అమ్మీకి,

నీ జహీదా సలాములు. ఇక్కడ అందరం క్షేమం, నీ మనవరాలు ఇఫ్రా ముందు పళ్ళు రెండు తప్ప. అవి పోయిన వారం ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. నువ్వు కూడా బాగున్నావని అల్లా మీద భారం వేసి అనుకుంటున్నాను. ఫోనులో నువ్వు చెప్పేది మాత్రం నమ్మను.

శుక్రవారం వచ్చేసరికి ఆ ఇంటావిడ ఫోను నీ చేతికిచ్చి పక్కనే కూర్చుంటుంది. ఆవిడకి తెలుగు రాకపోవచ్చు కానీ ఏడుపు ఏ భాషలో ఏడ్చినా తెలుస్తుంది కదా. అందుకని నువ్వు ఏడవవు, నేనూ ఏడవను. ఇక్కడ వాన అని నేనంటాను, ఇక్కడ ఎండ అని నువ్వంటావు. రేడియోలో వాతావరణ విశేషాలు చదివేవాళ్ళలాగా మాట్లాడుకుని పెట్టేస్తాం. అసలు మాటలన్నీ ఇలా ఉత్తరాలకి మిగిలిపోతున్నాయి.

అబూబకర్ మావయ్య సెలవు అయిపోయింది. మంగళవారం కువైట్ తిరిగొస్తున్నాడు. నీ ఉత్తరం తెచ్చిన మనిషే నా ఉత్తరం పట్టుకొస్తాడు. మీ పక్కింట్లోనే మన పేట మనిషి డ్రైవరుగా ఉండటం ఈ అయిదేళ్ళలో నీకు దొరికిన ఒకే ఒక్క అదృష్టం. ఆయనతో తొక్కుడు లడ్డు, గోంగూర పచ్చడి, ఎండు రొయ్యల పొట్లం పంపుతున్నాను. రొయ్యలు నేను కొన్నవి కావు. ఎవరిచ్చారో కింద రాస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేసి, తర్వాత పోట్లాట మొదలుపెడతాను. మనింటి శ్లాబు కారడం లేదు. వారానికోసారి వెళ్ళి తలుపులు తీసి ఊడ్చి వస్తున్నాను. వంటింటి మూల కాస్త చెమ్మ పట్టింది, అంతే. అబ్బా సమాధి దగ్గర గడ్డి పెరిగితే తీయించాను, ఫాతెహా చదివించాను. నీ అల్లుడు అఫ్జల్ లావయ్యాడా అని అడిగావు. అయ్యాడు. పాత చొక్కాలు పట్టక, టైలరు సరిగ్గా కుట్టలేదని అతని మీద కోప్పడుతున్నాడు. మా మామగారి మోకాలి నొప్పి అలాగే ఉంది, కాకపోతే నోటికి ఏ నొప్పీ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మంచం మీద కూర్చునే మా గిల్టు నగల కొట్టంతా నడిపిస్తున్నారు.

‘సరోజ ఇంకా మీ దగ్గరే ఉందా, ఇఫ్రాకి ఇంకా తనే తినిపిస్తోందా’ అని రాశావు. దీనికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. కాస్త ఆగు.

ఇక పోట్లాట.

నీ ఉత్తరం మొదటి పేజీ అంతా నన్ను తిట్టావు. ‘బానిస అని రాశావు. నన్నెవరూ కొనలేదు, ఎవరూ కొట్టలేదు. నాకు వేరే గది ఉంది, దానికి ఏసీ ఉంది. ఈ ఇంటి బాబు నేను పెడితే తప్ప ముద్ద ముట్టడు. అన్నం పెట్టిన ఇంటిని అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది’ అన్నావు. చదివి చాలాసేపు అలిగి కూర్చున్నాను. కానీ నీకు ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో నాకు తెలుసు అమ్మీ. ఏడేళ్ళకే తల్లి పోతే గుడివాడలో మీ మేనత్త ఇంట్లో పెరిగావు. అందరికంటే ముందు లేచి, అందరూ తిన్నాక తినేదానివి. ఎవరైనా అయ్యో అంటే, ‘మా అత్త లేకపోతే నేనేమైపోయేదాన్ని’ అని వాళ్ళ నోరే మూయించేదానివి. నీ లెక్కలో బానిసత్వం అంటే కొరడా దెబ్బలు, కాళ్ళకి గొలుసు. అవి లేని చోట మిగిలిందంతా ప్రేమే.

నేనలా పెరగలేదు, నువ్వు పెరగనివ్వలేదు. నా చేతిలో చీపురు కనిపిస్తే లాక్కుని పుస్తకం పెట్టేదానివి. ఎవరింట్లోనూ నన్ను గ్లాసు కడగనిచ్చేదానివి కాదు. డిగ్రీ దాకా చదివించి, చదివిన నోటితో నిన్ను బానిస అన్నానని ఇప్పుడు ఏడిస్తే ఎలా? ఇంటికి వెళ్తానని మూడుసార్లు అడిగావు. ఒకసారి రంజాన్ అయ్యాక అన్నారు. ఒకసారి బాబు పరీక్షలయ్యాక అన్నారు. ఇప్పుడేమో, పాస్‌పోర్టు వాళ్ళ పెద్దబ్బాయి ఆఫీసు లాకరులో ఉంది, తాళం అతని దగ్గర ఉంది, పనులు తగ్గాక తీసిస్తాం అన్నారు. రెండేళ్ళకని ఇంటిపనికి వెళ్ళినదానివి, అయిదేళ్ళయింది. దీనికి వేరే పేరు నీకు తెలిస్తే నువ్వే రాయి.

ఇదంతా నేను నీకు రాయకముందే ఇక్కడ అందరి ముందూ అరిచాను. నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున కొట్టులోనే విప్పి, పైకి చదివాను. మామగారు మంచం మీద ఉన్నారు. అఫ్జల్ గాజులకి కోటింగు వేయడానికి తొట్టె సిద్ధం చేస్తున్నాడు. మా దగ్గర పనిచేసే రూతు తలుపు దగ్గర పాలిష్ పడుతోంది. సరోజ కింద చాప మీద కూర్చుని జూకాలకి రాళ్ళు అంటిస్తోంది. లాకరు మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఒక మనిషి కాగితం ఇంకో మనిషి బీరువాలో పెట్టి తాళం వేశారంటే, ఆ మనిషిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే!” అన్నాను. అన్నాక బాగా చెప్పాననిపించి మళ్ళీ ఇంకోసారి అన్నాను.

మామగారికి కోపం వచ్చింది. ఆయన సంగతి నీకు తెలుసుగా. పదేళ్ళప్పుడు ఈ పని నేర్చుకోవడానికి ఉస్తాద్ ఇంట్లో చేరి, తొమ్మిదేళ్ళు ఆ ఇంటి నీళ్ళు మోసి, ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుని, ఆ తర్వాతే పట్టకారు చేత పట్టిన మనిషి.

“మీ అమ్మ చెప్పిందే సబబు. ఒక చోట నిలబడితేనే మనిషి మనిషవుతాడు. మా ఉస్తాద్ నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు. బానిసనైపోయానా? ఇదిగో ఈ కొట్టు పెట్టాను. నీ మాట వింటే ఆయన్ని తిట్టినట్టుంది నాకు” అన్నారు.

“మీరు వెళ్తానంటే పంపేవారా?” అన్నాను.

“వెళ్తానని నేనెందుకంటాను?”

“అంటే?”

ఆయన మోకాలు రుద్దుకుంటూ అటు తిరిగిపోయారు. గెలిచాననుకున్నాను. అప్పుడు సరోజ తల ఎత్తకుండానే, చేతిలో రాయి అంటించడం అయ్యాక, మెల్లిగా అడిగింది.

“ఇప్పుడు మీ అమ్మగారు ఏం చేద్దామనుకుంటున్నారక్కా?”

రూతు చెయ్యి పాలిష్ మీద ఆగిపోయింది. నాకు విపరీతమైన కోపం వచ్చింది. “నీ పని నువ్వు చూసుకో” అని కసిరాను. అది వంచిన తల వంచినట్టే ఇంకో జూకా తీసుకుంది.

ఎందుకు కసిరానో ఇప్పుడు రాయాలి అమ్మీ. రెండు రోజుల నుంచి ఈ ఉత్తరం ఇక్కడి దాకా రాసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోతున్నాను. ఇవాళ కొట్టు మూసి, ఇఫ్రాని వాళ్ళ నాన్నతో బయటికి పంపి కూర్చున్నాను.

సరోజ మా దగ్గర చేరి మూడేళ్ళు. నువ్వు ఫోటోలో చూశావంతే. హంసలదీవి పక్కన పాలకాయతిప్ప వాళ్ళది. నాన్న బంగార్రాజు సముద్రం మీద వేటకి వెళ్తాడు, అమ్మ నాంచారమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. ఇంటర్ పాసై, చదువు ఆగిపోయి, ఎవరో చెప్తే మా దగ్గరికి వచ్చింది. ఇంత దూరం నుంచి రోజూ వచ్చిపోలేదని మా వెనక గది ఇచ్చాం. చేరిన రోజున దాని ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ తీసుకుని దాచాను. మా మామగారు పెట్టిన పద్ధతి అది. సరుకు మధ్య తిరిగేవాళ్ళు కదా, హామీగా ఒక కాగితం మన దగ్గర ఉండాలి అంటారు. రూతుదీ, ఇంకొకరిదీ కూడా అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పనలేదు, నాకూ అనిపించలేదు.

అది మెత్తటి పిల్ల. దాని చేతిలో రాయి వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు. బేరానికి వచ్చిన ఆడవాళ్ళు దాన్ని అడిగే కొంటారు. ఇఫ్రా అయితే నా చేతి ముద్ద ఉమ్మేసి దాని ఒళ్ళో కూర్చుని తింటుంది. నువ్వు అక్కడ ఆ బాబు గురించి రాసింది చదివినప్పుడు నాకు గుర్తు రావాల్సింది ఇదే. రాలేదు.

ఆషాఢం ముందు ఒక రోజు అది నా దగ్గరికొచ్చి, నర్సింగు కోర్సుకి దరఖాస్తు పెట్టానని, మొదటి లిస్టులో అవనిగడ్డలో సీటు వచ్చిందని చెప్పింది. ముఖం వెలిగిపోతోంది. వాళ్ళ ఊరికి దగ్గర. ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులు చెల్లవన్నారు, మెమో ఇస్తారా అక్కా అంది. అమ్మీ, ఆ మెమో నా బీరువాలో, నా పెళ్ళి చీర కింద ఉంది. తీసివ్వడానికి రెండు నిమిషాలు పట్టేది. “అది బ్యాంకు లాకరులో ఉంది. తాళం మీ అఫ్జల్ అన్నయ్య దగ్గర ఉంది. శ్రావణం పెళ్ళిళ్ళ సీజను అవ్వనీ, తీసిస్తాను” అన్నాను.

నాకు లాకరే లేదు. ఆ మాట నోటికి ఎలా వచ్చిందో కూడా తెలియదు. తడుముకోలేదు, తడబడలేదు. వెంటనే వచ్చేసింది.

వారం ఆగి మళ్ళీ అడిగింది. అఫ్జల్ ఊళ్ళో లేడన్నాను. ఆయన లోపల గదిలో నిద్రపోతున్నాడు. పాపం ఆయనకి ఈ సంగతే తెలియదు, ఈ తప్పంతా నాదే. అవనిగడ్డ సీటు గడువు దాటిపోయింది. ఆ రోజంతా అది మామూలుగానే పని చేసింది. ఇఫ్రాకి మామూలుగానే అన్నం పెట్టింది. నేను దానికి కొత్త చుడీదారు కొనిచ్చాను. నేనెంత మంచిదాన్నో చూడు.

ఇదంతా నాలుగు నెలల కిందటి మాట. నాలుగు నెలల తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అందులో నేను చెప్పిన అబద్ధమే, నా నోటి నుంచి వచ్చినట్టే, ఆ ఇంటావిడ నోటి నుంచి వచ్చింది. లాకరు, తాళం, పనులు తగ్గాక. అది నేను సరోజ ముందు నిలబడి గట్టిగా చదివాను. చదివి, బీరువా గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు తెలిసిందా దాన్ని ఎందుకు కసిరానో?

అప్పటికైనా ఇచ్చేశానా? లేదు. సిగ్గుపడటానికి కూడా నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున కొట్టు తెరుస్తుంటే మెట్ల కింద ఒకావిడ నిలబడి ఉంది. చెప్పులు దూరంగా విడిచి, చేతిలో పొట్లం పట్టుకుని ఉంది. సరోజ వాళ్ళ అమ్మ నాంచారమ్మ. పైకి రమ్మంటే రాదు.

“మా పిల్ల ఏదన్నా తప్పు చేసిందా అమ్మా?” అంది.

“అదేంటి? సరోజ బంగారం. ఏ తప్పూ చేయలేదు” అన్నాను.

“మరి కాగితం ఎందుకివ్వట్లేదమ్మా? ఊళ్ళో అందరూ అదే అంటన్నారు. నగల కొట్లో పిల్ల, కాగితం ఆపేశారంటే ఊరికే ఆపరు, ఏదో తీసుంటదని. గిల్టు నగలేగా అంటే, గిల్టయితే మాత్రం దొంగతనం కాదా అంటన్నారు. ఆళ్ళ నాన్న వేటకి పోవట్లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతన్నాడు. తప్పు చేస్తే చెప్పండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాం. మీరు మంచోళ్ళని మా పిల్ల ఎప్పుడూ చెప్తది.”

అమ్మీ, అది పని మానేసి వెళ్ళిపోతుందన్న భయమే నాకు ఉంది. దాని సీటు పోయిందని కూడా తెలుసు. దాని పరువు పోతుందని నాకు తట్టనే లేదు. నేను కాగితం దాచుకుంటే, వాళ్ళ ఊరు దాన్ని దొంగని చేసింది. ఆవిడ అలా చేతులు జోడించి నిలబడే ఉంది. లోపలికి వెళ్ళాను. పెళ్ళి చీర తీసి పక్కన పడేశాను. మెమో, టీసీ, వాటి పక్కనే నీ పాస్‌పోర్టు జిరాక్సు. మూడూ ఒకే అరలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ కనిపించకుండా ఎలా ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

తెచ్చి సరోజ చేతిలో పెట్టాను. “లాకరు లేదు. ఇంట్లోనే ఉంది. అబద్ధం చెప్పాను” అన్నాను. అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. మెమో వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మార్కులన్నీ ఒక్కొక్కటీ చదువుకుంది. తర్వాత గడియారం చూసింది.

“గుడివాడలో రేపే ఆఖరి రోజక్కా. మిగిలిన సీట్లు ఇస్తారంట. పదింటికల్లా ఉండాలి” అంది. ఆ తేదీ తెలిసి కూడా మమ్మల్ని అడగడం మానేసిందన్నమాట.

మర్నాడు పొద్దున రైల్లో నేనూ వెళ్ళాను. రానక్కర్లేదంది, నేనే ఊరుకోలేదు. పెడన దాటింది, కవుతరం దాటింది, ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. గుడ్లవల్లేరు దగ్గర ఇక ఉండబట్టలేక, “నా మీద కోపంగా ఉందా?” అని అడిగాను.

“కోపం కాదక్కా, భయమేసింది” అంది. “చెడ్డోళ్ళయితే ఎవరికో ఒకళ్ళకి చెప్పుకుంటాం కదండీ. మీరు మంచోళ్ళు. చుడీదారు కొనిచ్చారు, జ్వరమొస్తే కాఫీ కాచిచ్చారు. మీ మీద ఎవరికి చెప్పినా నన్నే తిడతారు. మీరు మంచోళ్ళవడం వల్లే నాకు దారి లేకపోయింది.”

నాకు అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఏసీ గది గురించి, ఆ బాబు గురించి నువ్వు రాసిన మాటలు గుర్తొచ్చాయి. రైల్లో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. అది నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది, వీపు నిమరలేదు. నిమరకపోవడమే నయం.

సీటు వచ్చింది అమ్మీ! చివరి నుంచి నాలుగో పేరు. హాస్టల్ కూడా ఇచ్చారు. గుమస్తా మెమో తిరగేసి, “ఇన్ని మార్కులు పెట్టుకుని మొదటి లిస్టులో ఎందుకు చేరలేదమ్మా?” అని అడిగాడు. సరోజ నా వైపు చూసింది. “నా వల్ల ఆలస్యమైందండీ” అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా ముద్ర కొట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు అది నన్ను ఒక్కటే అడిగింది. “మా ఊరొచ్చి పదిమందిలో చెప్పాలక్కా. నేను చెప్తే ఎవరూ నమ్మరు” అంది. మా మామగారు వద్దన్నారు. కొట్టు పేరు పోతుందన్నారు. ఆ పిల్ల పేరు పోయినప్పుడు మనకి పట్టిందా అన్నాను. అఫ్జలే కోడూరు దాకా బస్సెక్కించి, అక్కణ్ణుంచి ఆటోలో తీసుకెళ్ళాడు. దారంతా నాతో మాట్లాడలేదు. నేనబద్ధం చెప్పినందుకు కాదట, తనకి చెప్పకుండా తన పేరు వాడుకున్నందుకట. అదీ నిజమే.

మేం వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకి చేరాయి. ఆడవాళ్ళు బుట్టల ముందు కూర్చుని చేపలు ఏరుతున్నారు. బురఖాలో నేను అక్కడ నిలబడితే చేతులన్నీ ఆగిపోయాయి. బంగార్రాజు వలలో ముడులు విప్పుతూ లేచి నిలబడ్డాడు. ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

“మా కొట్టులో సరోజ ఏమీ తీయలేదండీ” అన్నాను. “తీసింది నేను. దాని కాగితం నేను తీసి దాచుకున్నాను. అడిగితే లేదని అబద్ధం చెప్పాను.”

ఒక ముసలావిడ చేతిలో చేప అలాగే పట్టుకుని, “ఎందుకు దాచావమ్మా?” అంది.

“వెళ్ళిపోతుందని” అన్నాను.

“అయితే అడగాల. ఉండమ్మా అని అడిగితే ఉండేదేమో” అంది. అని మళ్ళీ చేపలు ఏరుకోవడంలో పడింది. నన్ను ఇంతవరకూ ఎవరూ అంత తేలిగ్గా తిట్టలేదు.

బంగార్రాజు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళాడు. అన్నం తినకుండా వెళ్ళొద్దన్నాడు. మా ముందే కంచంలో అన్నం కలుపుకుని తిన్నాడు. నాంచారమ్మ ఆయన వెనక నిలబడి ఆ ముద్దలే చూస్తోంది. వచ్చేటప్పుడు ఆవిడే నీకని రొయ్యల పొట్లం కట్టించింది. “మీ అమ్మగారు ఏ దేశంలో ఉన్నారో, మన కూర తిని ఎన్నాళ్ళయిందో” అంది.

రూతువీ, ఇంకొకావిడవీ కాగితాలు ఇంటికి రాగానే ఇచ్చేశాను. రేపు అందరూ పోతే కోటింగు నువ్వే వేసుకో అన్నారు మామగారు. ఎవరూ పోలేదు. రూతు ఒక గంట ఆలస్యంగా వచ్చింది, అంతే. మెమో ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఆలస్యమైందట. మామగారు ఇంకా ఆ పద్ధతే మంచిదంటారు. కానీ మొన్న తన ఉస్తాద్ గురించి చెప్తూ చెప్తూ, ‘మా నాన్న నన్ను చూడ్డానికి వస్తే బయటే నిలబెట్టి పంపించేసేవాడు’ అని ఒక మాట అన్నారు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

సరోజ సోమవారం హాస్టల్లో చేరింది. ఇఫ్రా రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తనే కలుపుకుని తింది. ఒళ్ళంతా పూసుకుంది. అయినా తింది అమ్మీ. నువ్వు లేకపోతే ఆ బాబు ఏమైపోతాడో అని బెంగపెట్టుకోకు.

హాస్టలుకి వెళ్ళే ముందు దాన్ని అడిగాను. నా తెలివి ఎంతటిదో తెలిసిపోయింది కాబట్టి దాన్నే అడిగాను. “మా అమ్మకి ఏం రాయమంటావు?”

అది బట్టలు సర్దడం ఆపింది. “ఇంటికెళ్తానని చెప్పొద్దనండి అక్కా. వెళ్తానంటే బతిమాలతారు. కారణం కూడా చెప్పొద్దనండి. నేను సీటొచ్చిందని చెప్పాను, మీరు సీజను అన్నారు. నేను గడువుందని చెప్పాను, మీరు తాళం అన్నారు. కారణం చెప్తే దానికో జవాబు ఉంటుంది వాళ్ళ దగ్గర. ఊరికే, నా కాగితం నాకివ్వండి అనమనండి. ఎందుకంటే, నాది కాబట్టి అనమనండి. మళ్ళీ ఎందుకంటే, మళ్ళీ అదే” అంది.

అందుకని నీతో ఇక పోట్లాడను. నిన్ను బానిస అన్న మాట మీద కూడా పట్టుపట్టను. అది ప్రేమ అని నువ్వన్నావు, కాదని నేనన్నాను. తేల్చుకోవడానికి నువ్వు ఆ ఇల్లు వదలక్కర్లేదు. నువ్వు ఇన్నిసార్లు ఇంటికి వెళ్తానని అడిగావు గానీ, నా పాస్‌పోర్టు నాకివ్వండి అని ఒక్కసారీ అడగలేదు. అడుగు. ఆవిడ లేచి వెళ్ళి తెచ్చిస్తే, వచ్చే శుక్రవారం ఫోను స్పీకరులో పెట్టించు. నీకు, ఆవిడకి, ఇద్దరికీ క్షమాపణ చెప్పుకుంటాను, తెలుగులోనే.

ఇవ్వకపోతే ఏం చేయాలో నేను రాయను. ఎంబసీకి దారి అబూబకర్ మావయ్యకి తెలుసు. ఆయనకి అంతా చెప్పాను. శుక్రవారాలు ఆయనకి సెలవే.

ఆవిడ ఏమంటుందో ముందే చెప్తున్నాను, భయపడకు. ఇప్పుడెందుకు అంటుంది. భద్రంగా ఉంది కదా అంటుంది. నిన్ను మేమేం తక్కువ చేశాం అంటుంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటుంది, అవి దొంగ ఏడుపు కాదు, నిజంగానే బాధపడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు అమ్మీ, అటువైపు నిలబడింది నేనే. అన్నింటికీ నా దగ్గర జవాబులున్నాయి. నాది నాకు కావాలి అన్న మాటకి మాత్రం లేదు. ఆవిడ దగ్గరా ఉండదు.

ఇట్లు,
నువ్వు చీపురు పట్టనివ్వని నీ కూతురు,
జహీదా